ఆటో వచ్చేలోపు ఐదు నిమిషాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచి నెల దాటింది. పుస్తకాలు, యూనిఫాంలు, బస్సు రూట్ల గొడవలు ఒక కొలిక్కి వచ్చాయి. అందుకే ఈ నెల ఫీజులూ పరీక్షలూ కాకుండా వేరే సంగతి రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయినేడు ఆరో తరగతికి ‘నాకు నచ్చిన చెట్టు’ అని ప్రాజెక్టు ఇచ్చాం. మార్కులు కూడా పెట్టాం. పిల్లలు చెట్టు దగ్గరికి వెళ్తారని నేననుకున్నాను. వెళ్ళింది మీరు, అదీ రాత్రి తొమ్మిదిన్నరకు స్టేషనరీ షాపుకి. సోమవారం పొద్దున స్టాఫ్ రూం నిండా థర్మాకోల్ చెట్లు. అన్నీ ఒకే ఆకుపచ్చ రంగు, ఒకే షాపు సరుకు. కిటికీ అవతల మన ఆవరణలో వేపచెట్టు పళ్ళు రాల్చుకుంటూ నిలబడే ఉంది. దానివైపు చూసినవాళ్ళెవరూ లేరు, నాతో సహా.

కాబట్టి ఈసారి ప్రాజెక్టు లేదు, మార్కులు లేవు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టక్కర్లేదు. దయచేసి పెట్టకండి.

మీ తీరిక సంగతి నాకు తెలియనిది కాదు. పొద్దున ఐదున్నరకు కుక్కర్ ఎక్కితే, రాత్రి హోంవర్కు పూర్తయ్యేసరికి పది. అందులో ‘ప్రకృతికి అరగంట’ అని ఇంకో పని ఇరికిస్తే నా మీద కోపం రావడం సహజం. కొత్తగా టైమేమీ అడగను. ఉన్న టైములోనే తల కాస్త పైకెత్తమంటున్నాను.

మూడో తరగతి పాప ఒకతి మొన్న నా దగ్గరికొచ్చి, “మేడం, మా వీధి చివర చెట్టు సాయంత్రం నిద్రపోతుంది” అంది. ఇంట్లో చెప్తే నవ్వారట. అది నిద్రగన్నేరు. గుంటూరు రోడ్ల పక్కన గొడుగులా పరుచుకుని ఉండే పెద్ద చెట్టు, రోజూ దానికిందే మనం స్కూటర్ ఆపుకుంటాం. పొద్దు వాలుతుంటే దాని ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. బాగా మబ్బు పట్టినా అంతే. ఆకు మొదట్లో ఉండే చిన్న బుడిపెలో నీరు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరగడమే కారణం. ఆ పాప ఇదంతా ఎక్కడా చదవలేదు. ట్యూషన్ ఆటో రోజూ ఆలస్యంగా వస్తుంది, అంతే. ఆలస్యానికి ఆటో అతన్ని తిట్టుకునే వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇక కొంచెం తగ్గిస్తాను.

ఇది ఆషాఢం కదా, గోరింటాకు సంగతి. మన బడిలో గోరింటాకు పెట్టుకొస్తే ఎవరూ ఏమీ అనరు. మగపిల్లలనూ అనరు. ఒక్క కోరిక: వీలైతే కోన్ కొనకండి, ఆకు తెచ్చి రుబ్బండి. ఆకు దూయడం పిల్లల చేత చేయించండి. అమ్మమ్మో నాన్నమ్మో ఇంట్లో ఉంటే మీకు ఆ పని కూడా ఉండదు. ఆకులోని రంగు చర్మంలోనూ గోటిలోనూ ఉండే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. చర్మం పైపొర రాలిపోతూ ఉంటుంది కాబట్టి అరచేతిలో రంగు రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది. గోటి మీద మాత్రం పోదు, గోరు పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వినాయక చవితినాటికి ఎర్రదనం ఎంత దూరం జరిగిందో పిల్లల్నే స్కేలు పెట్టి కొలవమనండి. మొక్క కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, పెరిగేది వాళ్ళ వేలి మీదే ఉంది.

మన తరం వాళ్ళకి ఆరుద్ర పురుగులు గుర్తుండే ఉంటాయి. తొలకరి పడ్డాక నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా పాకేవి. అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్ళం, పాపం. వాటికి ఎనిమిది కాళ్ళు, సాలీడుకు చుట్టాలు. ఊళ్ళో ఖాళీ స్థలాలన్నీ అపార్ట్‌మెంట్లు అయ్యాక ఎక్కడ కనిపిస్తాయి? ఆదివారం తెనాలి వైపో ప్రత్తిపాడు వైపో సొంతూరు వెళ్ళేవాళ్ళు, వాన వెలిసిన పొద్దున చేను గట్టు మీద ఒక్కసారి చూడండి. దొరికితే అరచేతిలో నడిపించి వదిలేయండి. ఉప్పలపాడులో గూడబాతులు చూపించమని అడిగినవాళ్ళకు: చలికాలం రానివ్వండి, బడి తరఫునే తీసుకెళ్తాం.

బాల్కనీలో పిట్టలకు నీళ్ళు పెడుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, సంతోషం. వానాకాలం కదా, ఆ గిన్నె రోజూ ఒంపేసి, అంచులు రుద్ది కడగండి. దోమ గుడ్లు అంచులకే అంటుకుని ఉంటాయి. గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పిచుకల కోసం పెట్టి డెంగీ తెచ్చుకోవద్దు.

ఇక కళ్ళ గురించి. ఏటికేడు చిన్న తరగతుల్లోనే కళ్ళజోళ్ళు కనబడుతుంటే నాకు టెన్షన్‌గా ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని మూడేళ్ళు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపినవాళ్ళలో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసగ్గా కనబడటం) వచ్చింది. మిగతావాళ్ళలో దాదాపు 40 మందికి వచ్చింది. తైవాన్ బళ్ళలో 2010 నుంచి రోజుకు 120 నిమిషాలు బయట ఉంచాలని పెట్టుకున్నారు. తరగతి గదిలో వెలుగు కొన్ని వందల లక్స్ అయితే, బయట చెట్టు నీడలోనే అది వేలల్లో ఉంటుంది. అంటే మన ఎండలో మాడక్కర్లేదు, నీడ చాలు. వచ్చే సోమవారం నుంచి ఐదో తరగతి దాకా మధ్యాహ్నం భోజనాలు వేపచెట్టు కింద. క్యారేజీలో కాకి ముక్కు పెట్టిందని ఫిర్యాదు రావచ్చు. మూత గట్టిగా ఉన్న డబ్బా పంపండి.

చివరగా ఒక ఆహ్వానం. ఆగస్టు 7, 8 తేదీల్లో మన గుంటూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మధ్యాహ్నం 12.14 ప్రాంతంలో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ దాని కిందే దాక్కుంటుంది. ఏడాదికి రెండుసార్లే ఇలా జరుగుతుంది, మొదటిది మే నెల మొదట్లో, సెలవుల్లో పోయింది. ఢిల్లీ పిల్లలకైతే ఒక్కసారి కూడా దొరకదు. ఆ రోజు పిల్లలందరినీ జెండా కర్ర చుట్టూ నిలబెడతాం. మీలో ఎవరైనా రావచ్చు, 12 గంటలకు గేటు తీసి ఉంచుతాం. ఏడో తేదీన మబ్బు పడితే ఎనిమిదిన చూస్తాం. ఆ రోజూ మబ్బే అయితే పిల్లలకు పుట్నాలు, బెల్లం పంచి క్లాసుకు పంపేస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
గుంటూరు