కృత్రిమ మేధ వాడకాన్ని సిద్ధాంత వ్యాసంలో ప్రకటించాలి

సంపాదకులకు నమస్కారం.

మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేస్తున్నవారు చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ సాధనాలను విరివిగా వాడుతున్నారన్నది పర్యవేక్షకులకు తెలియని విషయం కాదు. అయినా ఆ మాట సిద్ధాంత వ్యాసాల్లో అరుదుగా కనిపిస్తుంది, వైవాలో (మౌఖిక పరీక్షలో) దాని ఊసే రాదు. ఈ మౌనం పరిశోధనకు చేటు చేస్తోంది.

ఈ సాధనాల మేలును కాదనలేం. ప్రొటీన్ల నిర్మాణాలను అంచనా కట్టే కృత్రిమ మేధ సాధనం ఆల్ఫాఫోల్డ్‌ను రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది. అది అంచనా కట్టిన 20 కోట్లకు పైగా ప్రొటీన్ నిర్మాణాలను చిన్న ఊరి కళాశాల విద్యార్థి కూడా నేడు ఉచితంగా చూడగలడు. అంత దూరం పోనక్కర్లేదు. తెలుగు మాధ్యమంలో చదివి, విషయం మీద గట్టి పట్టున్నా ఇంగ్లిషు రాతలో తడబడే విద్యార్థికి వాక్యం సరిదిద్దే సాధనం దొరకడం న్యాయమైన సాయమే. ఇదివరకు ఆ సాయం డబ్బు పెట్టగలిగినవారికే అందేది.

చిక్కంతా ఆధారాల దగ్గర వస్తోంది, ఈ సాధనాలు లేని వ్యాసాలను ఉన్నట్టే కల్పించి చూపగలవు. ఈమధ్య నేను చదివిన ఒక అధ్యాయంలో పత్రిక పేరు నిజమైనదే, రచయిత ఆ రంగంలో పేరున్నవారే, సంపుటి, సంచిక, పుటల సంఖ్యలు పొందికగా ఉన్నాయి. తీరా ఆ సంచిక తెరిస్తే ఆ పుటల్లో ఉన్నది వేరొకరి వ్యాసం. ఇతర రచనలతో సారూప్యత శాతం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇది చిక్కదు, ఎక్కడా లేనిదానికి దేనితోనూ పోలిక ఉండదు కనుక. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. ఆ గీత దాటకపోతే చాలనుకుంటే కల్పిత ఆధారాలున్న వ్యాసం కూడా సిద్ధాంత వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో చేరుతుంది, రేపు మరొకరు దాన్నే ప్రమాణంగా చూపుతారు.

తెలుగు పరిశోధకులు మరింత జాగ్రత్తపడాలి. పాత పత్రికల స్కాన్ ప్రతులను యంత్రం చేత చదివిస్తే శ్రమ ఎంతో తగ్గుతుంది, కానీ అరసున్నలు ఎగిరిపోవచ్చు, ఱ కాస్తా ర కావచ్చు, మాసిన అచ్చులో వ, ప తారుమారు కావచ్చు. శబ్దరూపాల మీద పనిచేసేవారికి ఆ పోయిన అక్షరమే ఆధారం కాబట్టి మూలప్రతితో పంక్తి పంక్తీ సరిచూసుకోక తప్పదు.

ఏఐ సాధనాన్ని రచయితగా అంగీకరించబోమని నేచర్, సైన్స్ పత్రికలు 2023లోనే ప్రకటించాయి. మన దగ్గర కూడా ఏ సాధనాన్ని ఏ పనికి వాడారో చెప్పే పుట ఒకటి ప్రతి సిద్ధాంత వ్యాసంలో తప్పనిసరి కావాలి. వైవాలో పరీక్షకులు గ్రంథసూచి నుంచి నాలుగైదు ఆధారాలను ఎంచి, అక్కడికక్కడే విద్యార్థి చేత తెరిపించి, అందులో ఏముందో అడగాలి. పరిశోధన పత్రికలకు కేంద్రమే చందా కట్టే 'ఒకే దేశం-ఒకే చందా' పథకం కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు వేల పత్రికలు అందుబాటులోకి వచ్చాయి గనుక వ్యాసం దొరకలేదన్న సాకుకు ఇప్పుడు అంతగా చోటు లేదు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే పీహెచ్‌డీ ప్రవేశాలలోపే ఈ మేరకు విశ్వవిద్యాలయాలకు మార్గదర్శకాలు పంపాలని, కోర్స్‌వర్కులో ఇప్పటికే ఉన్న పరిశోధన నైతికత పేపరులో ఈ సాధనాల వాడకాన్ని పాఠంగా చేర్చాలని కోరుతున్నాను.

– ఒక పరిశోధన పర్యవేక్షకుడు, వరంగల్