నైట్ డ్యూటీ సిస్టర్‌కి కృతజ్ఞతలు

మా తమ్ముడికి పుట్టుకతోనే మెడ కుడివైపు కండరం బిగుసుకుపోయి ఉంది. ఏడాది లోపే మెడ వ్యాయామాలు చేయిస్తే చాలామందికి ఆపరేషన్ దాకా రాదు. మా ఊళ్లో ఆ మాట చెప్పినవాళ్లే లేరు. పెరిగేకొద్దీ తల పక్కకి వాలిపోయింది, వెన్ను కూడా ఒంగింది. చివరికి 19వ ఏట హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి, చెవి వెనకా, కాలర్ ఎముక దగ్గరా ఆ కండరాన్ని కోసి వదులు చేశారు. వెన్ను సంగతి తర్వాత చూద్దామన్నారు.

తీరా తల నిటారుగా నిలబెడితే వాడికి ఎడమవైపుకి పడిపోతున్నట్టే ఉంది. రాత్రంతా ఒకటే టెన్షన్, ఏడుపు.

మీరు స్టాఫ్ రూమ్‌లోంచి అద్దం తెచ్చి, మధ్యలో నిలువుగా తెల్ల ప్లాస్టర్ అంటించారు. "ముక్కు ఈ గీత మీదకి తీసుకురా నాన్నా. నీ మెదడింకా పాత లెక్కలోనే ఉంది, కొన్నాళ్లు అద్దాన్నే నమ్ము" అన్నారు. పక్క మంచం వాళ్లు పిలిస్తే వెళ్లి, మళ్లీ వచ్చి అద్దం పట్టుకుని కూర్చున్నారు. అది మీ డ్యూటీలో లేని పని.

పేరు అడిగేలోపు మీ షిఫ్ట్ మారిపోయింది. వాడిప్పుడు ఇంట్లో బీరువా అద్దానికి ప్లాస్టర్ అంటించుకుని ఫిజియో చేస్తున్నాడు. చాలా థాంక్స్ సిస్టర్.