మన పేట యువజన సంక్షేమ సంఘం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, ముఖ్యంగా ఇవాళ పని మానుకుని వచ్చిన అమ్మలకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఏడాది మన పనిలో ఎక్కువ భాగం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న 61 రోజుల్లోనే జరిగింది. హార్బర్‌లో మరపడవలు కట్టేస్తే రాబడి ఆగిపోతుంది. అప్పు పెరుగుతుంది, తాగుడు పెరుగుతుంది, ఇంట్లో కొట్లాట. ఆ కేకలు వినలేక కుర్రాళ్లు అర్ధరాత్రి దాకా ఒడ్డునే ఉంటారు. ఏజెన్సీ కొండల నుంచి దిగిన గంజాయి సంచి చేతికిచ్చి ‘ఇది ఫలానా చోట ఇచ్చిరా’ అనేవాడు వచ్చేది అప్పుడే. సరుకు 20 కిలోలు దాటితే, పద్దెనిమిది నిండిన కుర్రాడికి కనీసం 10 ఏళ్ల జైలని వాడు చెప్పడు. పదో తరగతి అవగానే ఆడపిల్లకు సంబంధాలు చూసేదీ ఆ అప్పుల టెన్షన్‌తోనే. పిల్లలు చెడిపోయారని తిట్టేముందు ఇది ఆలోచించండి.

మే నెలలో ఒక సాయంత్రం, తండ్రులు వలలు బాగుచేసుకునే చోటే చాపలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టాం. ఉపన్యాసాలు పెట్టలేదు. తొమ్మిదిలో బడి మానేసిన ఒక అబ్బాయి లేచి, “రాత్రంతా అమ్మని కొడుతుంటే నిద్రుండదు. పొద్దున్నే ఏం చదవను?” అన్నాడు. తండ్రి వల పక్కన పెట్టేశాడు, ఏమీ మాట్లాడలేదు. జూన్‌లో బడులు తెరిచాక కొడుకుని వెంటబెట్టుకొచ్చి దరఖాస్తు రాసిపెట్టమన్నాడు. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఈ ఏడాది ఇంకేమీ చేయకపోయినా నాకు ఇదొక్కటి చాలు.

చాపలు, మైకు ఉచితంగా ఇచ్చిన షామియానా షాపువారికి, టీ కాచిన పొదుపు సంఘం అక్కలకు, సాయంత్రాలు లెక్కలు చెప్పిన డిగ్రీ అమ్మాయిలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు పంచారు. అనుమానాలుంటే ఆయన్ని అడగండి.

ఒక మాట బాధతోనే చెప్తున్నాను. వాట్సాప్ గ్రూపులో ‘వస్తాం’ అన్నవాళ్లలో ఆ సాయంత్రం కనిపించింది నలుగురే. ఒడ్డుకు వెళ్లే సందులో దీపాల కోసం మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ‘చూస్తాం’ అన్నారు, ఇప్పటికీ చీకటే.

గంజాయి సంగతి తెలిస్తే మత్తుమందుల్ని అరికట్టే పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972కి, పిల్లలకు ఆపదైతే 1098కి ఫోన్ చేయండి.

రాత్రి బడికి రోజూ 7 నుంచి 9 దాకా కూర్చునే పెద్దవాళ్లు ఇద్దరు కావాలి. నిజంగా రాగలిగేవాళ్లే సభ అయ్యేలోపు పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి,
విశాఖపట్నం