ఫోన్ వచ్చేసరికి వయసు దాటిపోతోంది

సంపాదకుడు గారికి,

మా పాప ఏడో తరగతి చదువుతోంది. పైపళ్లు బాగా ఎత్తు, కింది దవడ కొంచెం లోపలికి ఉంటుంది. రెండేళ్ల కిందట బడికి వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లే అది చూసి, పెద్దాస్పత్రికి వెళ్లమని కాగితం రాసిచ్చారు. పరకాల నుంచి కాజీపేట దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. పట్నంలో ఓ ప్రభుత్వ ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు, పళ్ల అచ్చు తీసుకున్నారు. మంచిగనే చూశారు, కాదనను. చివరికి పళ్లకు క్లిప్పులు వేయడానికి రిజిస్టర్లో పేరు రాసుకుని, వంతు వచ్చినప్పుడు ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు. మళ్లీ రెండుసార్లు పోయి అడిగాను. మీకన్నా ముందు చాలామంది ఉన్నారన్నారు. ఎంతమంది అంటే చెప్పేవాళ్లు లేరు.

క్లిప్పులంటే అందం కోసమే అనుకుంటారు. మా అమ్మయితే పన్ను మీద పన్ను అదృష్టమంటుంది! కానీ ఎత్తుపళ్ల పిల్లలు బడిలో బోర్లా పడితే ముందు విరిగేది ఆ పళ్లే. ఇరుకుగా, వంకరగా ఉన్నచోట బ్రష్ సరిగా ఆడక పుచ్చిపోతాయి. అన్నిటికన్నా పెద్ద సంగతి వయసు. ఎదిగే ఏళ్లలో ప్లేటు లాంటిది పెట్టి కింది దవడను దారికి తేవచ్చట. ఆడపిల్లల్లో ఆ ఎదుగుదల మగపిల్లలకన్నా ముందే మొదలై ముందే ఆగుతుంది. ఆగాక పళ్లను జరపగలరు కానీ దవడను కాదు. తేడా మరీ ఎక్కువైతే ఆపరేషనే.

బ్రిటన్‌లో పళ్ల తేడాను ఐదు మెట్లుగా లెక్కగట్టి, పై మెట్లలో ఉన్న 18 ఏళ్లలోపు పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యం చేస్తారు. అక్కడా క్యూలు తప్పట్లేదు, నిజమే. అయినా ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నదానికి ఒక లెక్కంటూ ఉంది. మన దగ్గర కూడా వచ్చిన వరసను బట్టి కాకుండా వయసును, తీవ్రతను బట్టి పిలవాలి. వరస నంబరు కాగితం మీద రాసివ్వాలి.

క్లిప్పులు వేశాక కథ ఇంకా ఉంటుంది. ఏడాదిన్నర, రెండేళ్ల పాటు దాదాపు నెలనెలా పోయి తీగ సరిచేయించుకోవాలి. పోయినప్పుడల్లా నా కిరాణా కొట్టు బంద్, పాపకు బడి బంద్. మా వాడకట్టులో ఒకబ్బాయి ఈ తిరుగుడు పడలేక సగంలోనే క్లిప్పులు తీయించుకున్నాడు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనో, జిల్లా ఆస్పత్రిలోనో నెలకు రెండు రోజులు ఈ క్లిప్పులు వేసే స్పెషలిస్టును కూర్చోబెడితే చాలు, ములుగు, భూపాలపల్లి పిల్లలకు కూడా సగం దూరం తగ్గుతుంది.

హనుమకొండలో ప్రైవేటుగా అడిగితే 45 వేలన్నారు. ఇంత ఆలస్యమవుతుందని మొదటి రోజే చెప్పి ఉంటే, చిట్టీ ఎత్తో అప్పు చేసో అప్పుడే వేయించేవాళ్లం.

– ఒక తండ్రి, పరకాల, హనుమకొండ జిల్లా