ఎయిర్ ఫ్రైయరా, ఓటీజీయా? బెంగళూరులో ఉన్న అబ్బాయికి అమ్మ ఉత్తరం

చిరంజీవి బాబుకు అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఎయిర్ ఫ్రైయర్ కొనాలా, ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన పెట్టె) కొనాలా అని అడిగావు. మీరిద్దరే కదా, పైగా మారతహళ్లిలో ఆ చిన్న వంటగది. ఎయిర్ ఫ్రైయర్ చాలు నాన్నా. కాకపోతే నూనె మూకుడుకు బదులు అనుకుని మాత్రం కొనకు. పేరులోనే ఉంది గానీ అందులో వేయించడమేమీ లేదు. పైన కాయిల్, దాని మీద ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. వేడిగాలిని గట్టిగా తిప్పే చిన్న ఓవెన్ అది. ఓటీజీలో పైనా కిందా రాడ్లుంటాయి, పెట్టె పెద్దది, చాలావాటిలో ఫ్యాను ఉండదు. అందుకే అది వేడెక్కడానికి పది పదిహేను నిమిషాలు, దీనికి మూడు నిమిషాలు.

గారెల సంగతి ముందే చెప్పేస్తాను, అమ్మాయి అడుగుతుంది. కాగిన నూనెలో పిండి పడగానే చుట్టూ ఒక్కసారిగా వేడి తగిలి పైపొర గట్టిపడుతుంది. గాలి అంత వేగంగా వేడిని ఇవ్వలేదు. ఈలోపు పిండి చిల్లుల్లోంచి జారి కింద అంటుకుపోతుంది. గారెలు, బజ్జీలు, పునుగులకు మూకుడు తప్పదు. ఎయిర్ ఫ్రైయర్‌లో గారెలంటూ చూపించే వీడియోల్లో వచ్చేది కాల్చిన పిండిముద్ద, తింటే తెలుస్తుంది.

అది బాగా చేసేది వేపుడు. దొండకాయే తీసుకో. పావుకిలో కాయలు కడిగి, బట్టతో తుడిచి, నిలువునా నాలుగు చీలికలు చెయ్యి. తడి ఉంటే ఆ నీరు ఆవిరయ్యేదాకా ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు. రెండు టీచెంచాల నూనె, చిటికెడు పసుపు వేసి చేత్తో పట్టించు. అసలు నూనె లేకుండా పెడితే ముక్క ఎండి తోలులా సాగుతుంది. 180 డిగ్రీల మీద 16 నుంచి 18 నిమిషాలు. ఏడో నిమిషంలో ఒకసారి, పన్నెండులో ఒకసారి బుట్ట లాగి కుదుపు. ఉప్పు, వెల్లుల్లి కారం ఆఖరి రెండు నిమిషాలకే వెయ్యాలి. ఉప్పు ముందు పడితే ముక్క నీళ్లు వదులుతుంది, కారం ముందు పడితే మాడి ఇల్లంతా దగ్గు. కరివేపాకు పైన చల్లావో, ఎగిరి కాయిల్‌కు తగులుతుంది. నూనె రాసి ముక్కల కిందకి తొయ్యి.

బెండకాయకూ ఇదే పద్ధతి, 12 నుంచి 14 నిమిషాలు చాలు. బంగాళాదుంప ముక్కలను అరగంట చన్నీళ్లలో వేసి ఉంచితే పైనున్న పిండిపదార్థం పోతుంది. లేకపోతే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, లోపల ఉడక్కముందే పైన నల్లబడతాయి. తుడిచి, 160 మీద పది నిమిషాలు, తర్వాత 200 మీద ఎనిమిది నిమిషాలు. పల్లీలకు 160, ఎనిమిది నుంచి పది నిమిషాలు. బయటికి తీశాక కూడా వాటి వేడికి అవి ఇంకా వేగుతాయి, కాబట్టి కాస్త తక్కువ రంగు ఉండగానే తియ్యి. చలికాలంలో మీ దగ్గర అవరేకాయల (ఒక రకం చిక్కుడు గింజల) సీజను కదా, నానబెట్టి పొట్టు తీసిన పప్పును బాగా ఆరబెట్టి, కొంచెం నూనె పట్టించి 170 మీద గలగలమనేదాకా వేయించుకోండి.

అప్పడానికి నూనె రాసి 180 మీద రెండు మూడు నిమిషాలు. పైన చిన్న స్టీలు స్టాండు బోర్లించు, లేకపోతే గాలికి లేచిపోతుంది. బటర్ పేపర్ కూడా అంతే. దాని మీద బరువు లేకుండా ఖాళీగా పెట్టి వేడి చేస్తే పైకి లేచి కాయిల్‌కు తగిలి కాలుతుంది.

చికెన్‌కు చిక్కటి పెరుగు వాడు, పల్చనిదైతే మసాలా అంతా కిందికి కారిపోతుంది. ఎముకతో ఉన్న చిన్న ముక్కలు 180 మీద 20 నుంచి 25 నిమిషాలు, మధ్యలో తిప్పాలి. అన్నిటికంటే మందపాటి ముక్కను ఎముక దగ్గర కోసి చూడు, ఎర్రగా కనిపించకూడదు. పైన పొడి శనగపిండి చల్లితే అది పచ్చిగా పొడిగానే మిగిలిపోతుంది, కాబట్టి పిండికీ నూనె పట్టించు. కొవ్వు కారి పొగ వస్తుంటే బుట్ట కింద ట్రేలో రెండు చెంచాల నీళ్లు పొయ్యి.

పెట్టె మీద నాలుగు లీటర్లని రాసి ఉంటే నాలుగు లీటర్ల వంట అవుతుందనుకోకు. ముక్కలు ఒక వరసగా పరిస్తే మూడు, నాలుగు వందల గ్రాములు పడతాయి, అంతే. నిండా పోస్తే గాలి ఆడక మధ్యవి ఉడికి, పైవి మాడతాయి. లోతైన గుండ్రటి బుట్ట కంటే వెడల్పైన చతురస్రపు బుట్ట మేలు.

ఇక కేకు. వారం వారం చేస్తామంటే మాత్రం ఓటీజీయే కొనండి. ఎయిర్ ఫ్రైయర్‌లో కాయిల్ పైనే ఉంటుంది కాబట్టి పైభాగం ముందే కట్టి, లోపలి పిండి పొంగి పగులుతుంది. తప్పనిసరైతే ఆరంగుళాల టిన్ను, రెసిపీలో చెప్పినదానికంటే 20 డిగ్రీలు తక్కువ, మొదటి సగం సేపు పైన ఫాయిల్ గట్టిగా మూసి పెట్టాలి. ఓటీజీలో అయితే రెండు రాడ్లూ వేసి, 180కి వేడెక్కించాకే టిన్ను మధ్య అరలో పెట్టు. నాబు మీది అంకెను నమ్మకు, పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి తెచ్చుకో. డిసెంబరు చలికి బ్రెడ్ పిండి పొంగకపోతే వేడి ఆన్ చేయకుండా, గిన్నెడు వేన్నీళ్లతో పాటు ఓటీజీలో మూసి పెట్టవచ్చు.

కొనేముందు ప్లగ్గు చూడు. 1500 వాట్లంటే దాదాపు ఆరున్నర ఆంపియర్లు, చిన్న 6 ఆంపియర్ల సాకెట్ సరిపోదు, 16 ఆంపియర్లది కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద అసలు పెట్టొద్దు, వైరు వేడెక్కుతుంది. కరెంటు పోయినప్పుడు అపార్ట్‌మెంట్ జనరేటర్ మీదా, ఇన్వర్టర్ మీదా వెయ్యకు, ట్రిప్ అవుతుంది. ఖర్చు అంటావా, ఇరవై నిమిషాలకు అర యూనిట్. ఓటీజీ వేడెక్కడంతో కలిపి గంటసేపు పనిచేస్తే యూనిట్ దాకా.

వేడిగాలి వెనక నుంచి వస్తుంది, గోడకు నాలుగంగుళాలైనా ఎడం ఉంచు, గ్యాసు పైపు దగ్గర పెట్టకు. బుట్ట తోమడానికి స్టీలు పీచు వద్దు, పూత లేస్తుంది. నెలకోసారి ప్లగ్గు తీసి, చల్లారాక తలకిందులు చేసి, కాయిల్ మీది జిడ్డును తడిబట్టతో తుడువు. ఖాళీగా పెట్టినా పొగ వస్తోందంటే ఆ జిడ్డే. కొత్తది వచ్చిన రోజు మాత్రం ఖాళీగా 200 మీద పదిహేను నిమిషాలు తిప్పి కిటికీ తెరిచి ఉంచు, ఫ్యాక్టరీ వాసన పోతుంది.

అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు.

అమ్మ