వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపేయకండి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో బ్రిటన్ బొగ్గు గనుల మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారికి విషయం తెలుసు, చదివించే చెయ్యి కూడా ఉంది. అయితే మెర్థర్ టిడ్‌ఫిల్, ఆబెర్‌వాన్, కార్డిఫ్ అన్నీ ‘ఇంగ్లండ్‌లోని’ ఊళ్లేనని వ్యాసం పొడుగునా రాశారు. ఆ మూడూ బ్రిటన్‌లోనే ఇంగ్లండ్ పక్కనున్న మరో దేశం వేల్స్‌లో ఉన్నాయి. వచ్చే వారం సవరణ వేస్తే సంతోషిస్తాను. ఇది మీ ఒక్కరి అలవాటూ కాదు. 2013 ఛాంపియన్స్ ట్రోఫీలో దక్షిణాఫ్రికా మీద ధావన్ సెంచరీ కొట్టింది కార్డిఫ్‌లోనే. మనలో చాలామంది మాత్రం అది ఇంగ్లండ్‌లో కొట్టిన సెంచరీ అనే చెప్పుకుంటాం. అసలు అక్కడి బోర్డు పేరే ‘ఇంగ్లండ్ అండ్ వేల్స్ క్రికెట్ బోర్డు’. పొట్టిగా ఈసీబీ అనేసరికి అందులోంచీ వేల్స్ ఎగిరిపోతుంది!

ఇంత చిన్నదానికి ఉత్తరమా అనుకోవచ్చు. ఒకప్పుడు ఢిల్లీలో తెలుగువాళ్లనీ కన్నడిగులనీ కలిపి ‘మద్రాసీ’లంటే మనకెలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. వేల్స్ వాళ్ల విషయంలో ఈ కలిపేయడం చట్టంగానే ఉండేది. పార్లమెంటు చట్టాల్లో ‘ఇంగ్లండ్’ అని ఉంటే వేల్స్ కూడా అందులోకి వచ్చినట్టేనని 1746లో చట్టం చేశారు. దాన్ని వేల్స్ విషయంలో ఎత్తేసింది 1967లో. ఒక పేరుమోసిన బ్రిటిష్ విజ్ఞాన సర్వస్వం పాత కూర్పులో వేల్స్ కోసం వెతికితే ‘ఇంగ్లండ్ చూడుము’ అని ఉండేదని వేల్స్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేటప్పుడు నవ్వుతారు కానీ, ఆ నవ్వులో కారం ఉంటుంది.

దానికి వాళ్లు గట్టి జవాబే ఇచ్చారు. 2008 జనవరిలో వేల్స్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వేల్స్ విజ్ఞాన సర్వస్వం వచ్చింది. పని పట్టింది వేల్స్ రచయితల అకాడమీ. డబ్బులో కొంత లాటరీ నిధుల నుంచి వచ్చింది. పదేళ్ల శ్రమ, దాదాపు నాలుగు వందల మంది రచయితలు, ఐదు వేల దాకా అంశాలు, సుమారు ఏడున్నర లక్షల మాటలు. జాన్ డేవిస్, నైజెల్ జెంకిన్స్, మెన్నా బేన్స్, పెరెదుర్ లించ్ సంపాదకులు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఇంకొకటి. ఇంగ్లిష్‌లోనూ వెల్ష్‌లోనూ పుస్తకం ఒకేసారి బయటికొచ్చింది. ముందు ఇంగ్లిష్‌లో వేసి, తీరిక దొరికినప్పుడు మాతృభాషలో ఒక సంక్షిప్త రూపం పడేయడం లాంటిది కాదు. వేల్స్ జనాభా 31 లక్షలు, అంటే హైదరాబాద్ నగరం కంటే చాలా తక్కువ. అందులోనూ 2021 లెక్కల ప్రకారం వెల్ష్ మాట్లాడేవాళ్లు 5.38 లక్షలే, నూటికి పద్దెనిమిది మంది కూడా లేరు. వాళ్ల కోసం వెయ్యి పేజీలు దాటిన పుస్తకం వేశారు.

వాళ్లకిది కొత్త పనేమీ కాదు. 1854 నుంచి 1879 దాకా డెన్‌బీ అనే చిన్న ఊళ్లో థామస్ గీ అనే ప్రచురణకర్త వెల్ష్‌లో పది సంపుటాల విజ్ఞాన సర్వస్వం అచ్చు వేశాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1847లో, లండన్ ప్రభుత్వం వేల్స్ బడుల మీద ఒక నివేదిక తెప్పించింది. రాసిన ముగ్గురు కమిషనర్లకూ వెల్ష్ రాదు. వెనకబాటుకు భాషే కారణమని, జనానికి నీతి లేదని రాసి పారేశారు. నీలి అట్టలతో వచ్చిన ఆ సంపుటాలను వేల్స్‌లో ఈనాటికీ ‘నీలి పుస్తకాల ద్రోహం’ అంటారు. ఒక ప్రాంతం గురించి తెలుసుకోవాలంటే ముందు ఆ ప్రాంతం వాళ్లు రాసుకున్నది తిరగెయ్యాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గీ పది సంపుటాలూ పూర్తి చేశాడు, రెండో కూర్పూ వేశాడు. మనకు కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలుపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గరే ఉండగా 1923లో ఆయన కన్నుమూశారు. ఆ కథ మీ పాఠకులకు తెలిసిందే.

సొంతవాళ్లు రాసుకుంటే సొంత డబ్బా అవుతుందని కొందరంటారు. కావచ్చు, అన్నిచోట్లా అవుతూనే ఉంది. కానీ వేల్స్ చరిత్రలో కల్పనను కల్పన అని చెప్పక తప్పని పరిస్థితి ఒకటుంది. యోలో మోర్గానుగ్ అనే తాపీమేస్త్రీ 18వ శతాబ్దం చివర్లో పాత కవుల పేరుతో తానే పద్యాలు రాసి ప్రాచీన ప్రతుల్లో దొరికాయన్నాడు. 1789లో అచ్చయిన మధ్యయుగ మహాకవి సంపుటంలో కూడా అవి చేరిపోయాయి. 1792లో లండన్‌లో ఒక గుట్ట మీద రాళ్లు వలయంగా పేర్చి, ఇది మా పూర్వపు కవుల సభా సంప్రదాయమని కొలువు తీర్చాడు. అది కూడా ఆయన సృష్టే. 20వ శతాబ్దంలో గుట్టు బయటపెట్టింది కూడా ఒక వేల్స్ పండితుడే. అయినా ఇప్పటికీ ఏటా ఆగస్టులో జాతీయ సాహిత్య ఉత్సవంలో కవులు అంగీలు తొడుక్కుని ఆ తంతు జరుపుతూనే ఉంటారు, కల్పితమని తెలిసే. మన శాసనాల్లోనూ స్థలపురాణాల్లోనూ ఇలాంటివి ఎన్నో. ఇలాంటి కల్పనలను విడదీసి చెప్పగలిగినవాళ్లు అక్కడ దొరికారు.

మీ వ్యాసంలో ఆబెర్‌వాన్ గురించి రెండే వాక్యాలున్నాయి. 1966 అక్టోబర్ 21 ఉదయం, కొండ మీద పోసిన గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడి 144 మంది చనిపోయారు. వాళ్లలో 116 మంది పిల్లలు. గని ప్రభుత్వ బొగ్గు బోర్డుది. మిగిలిన గుట్టలు తీసేయడానికి ఒకటిన్నర లక్షల పౌండ్లు బాధితుల విరాళాల నిధి నుంచే లాగారు. వడ్డీ లేకుండా తిరిగిచ్చింది 1997లో. ఈ ఊరిని ‘ఇంగ్లండ్‌లోని గ్రామం’ అన్నప్పుడు ఎవరి మీద ఎవరికి కోపమో పాఠకుడికి బోధపడదు. ఏడాది ముందే, 1965లో, లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం ట్రివెరిన్ లోయలో జలాశయం కట్టి కపెల్ కెలిన్ అనే వెల్ష్ మాట్లాడే ఊరిని ముంచేశారు. పార్లమెంటులో ఆ బిల్లుకు అనుకూలంగా వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా ఓటు వెయ్యలేదు, అయినా నెగ్గింది. లివర్‌పూల్ క్షమాపణ చెప్పింది 2005లో. శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. ఈ రెండూ తెలియకపోతే 1997 రిఫరెండంలో 6,721 ఓట్ల ఆధిక్యంతో సొంత అసెంబ్లీ ఎందుకు తెచ్చుకున్నారో అర్థం కాదు.

ఇక మనకూ వాళ్లకూ ఏమిటి సంబంధం అంటారా? మన పిల్లలు లెక్కల్లో రోజూ రాసే సమానం గుర్తును 1557లో అచ్చులోకి తెచ్చింది టెన్‌బీ ఊరి రాబర్ట్ రికార్డ్. వృత్తం లెక్కల్లో ‘పై’ గుర్తును 1706లో వాడింది ఆంగ్లసీ దీవిలో పుట్టిన విలియం జోన్స్. కలకత్తాలో 1784లో ఏషియాటిక్ సొసైటీ పెట్టి సంస్కృతానికీ గ్రీకుకూ చుట్టరికం కలిపిన విలియం జోన్స్ ఆయన కొడుకే. ఖాసీ భాషను రోమన్ లిపిలో రాయడం మొదలుపెట్టింది 1841లో చిరపుంజి చేరిన వేల్స్ మిషనరీ థామస్ జోన్స్. ఖాసీల గీతాన్ని ఈనాటికీ వేల్స్ జాతీయగీతం బాణీలోనే పాడతారు. ఈ విజ్ఞాన సర్వస్వం సంపాదకుల్లో ఒకరైన జెంకిన్స్ ఆ మిషనరీల మీద ఒక పుస్తకమే రాశారు. మన పాఠాల్లో వీళ్లు ఎక్కడైనా కనిపిస్తే ‘ఇంగ్లిష్ గణితవేత్త’, ‘ఇంగ్లిష్ పండితుడు’ అయిపోతారు.

ఈ వేల్స్ విజ్ఞాన సర్వస్వానికి లోటు లేదని కాదు. పెద్ద లోటే ఉంది. 2008లో అచ్చయిన ప్రతిలో 2008 తర్వాతి వేల్స్ ఎలా ఉంటుంది? 2011లో వెల్ష్‌కు అధికార హోదా వచ్చింది. అదే ఏడాది రిఫరెండంతో అసెంబ్లీకి పూర్తి స్థాయి చట్టాలు చేసే అధికారం దక్కింది. 2021లో వాయవ్య వేల్స్ పలక రాతి గనుల ప్రాంతం యునెస్కో జాబితాకెక్కింది. పదేళ్లు కూర్చుని రాసినవాళ్లలో జెంకిన్స్ 2014లో, జాన్ డేవిస్ 2015లో పోయారు. ఇలాంటి పనికి నిలకడైన ఆఫీసు ఉండాలి, ఏటా కొంచెం కొంచెంగా చేర్చుకుంటూ పోవాలి. అలా నడుస్తున్నవి అక్కడే ఉన్నాయి. 1921లో మొదలై 2002లో ముగిసిన వెల్ష్ మహానిఘంటువు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. 1953లో వెల్ష్‌లో వచ్చిన జీవిత చరిత్రల కోశం కూడా అంతే, కొత్తవాళ్లను చేరుస్తూనే ఉన్నారు. 1914లో ఆబెరిస్ట్‌విత్ కాలేజీ కవితోత్సవంలో మొదటి బహుమతి కుర్చీ గెలిచిన భారతీయ అమ్మాయి డొరోతీ బోనర్జీ అందులో చేరింది ఈమధ్యనే. మీ డెస్కులో ఎవరికైనా వేల్స్ మనిషి గురించి సందేహం వస్తే అది తెరిచి చూసుకోవడానికి పైసా ఖర్చు కాదు.

నేను రిటైరైన గ్రంథపాలకుణ్ణి, కాబట్టి ఈ ఒక్క మాటా అనక తప్పదు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా రెండు రాష్ట్రాల్లోనూ కడుతున్నాం. జిల్లా కేంద్ర గ్రంథాలయం రిఫరెన్స్ బల్ల దగ్గరికి వెళ్తే గ్రూప్-2 గైడ్లు, కరెంట్ అఫైర్స్ పుస్తకాలే ఎదురవుతాయి. అవీ అవసరమే, ఉద్యోగం లేని కుర్రాళ్ల టెన్షన్ నాకు తెలియంది కాదు. అయినా ఆ బల్ల మీద దేశదేశాల విజ్ఞాన సర్వస్వాలు కొన్నయినా ఉండొద్దా? ప్రతి జిల్లాకూ కొనమనను. హైదరాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి పెట్టి, అడిగిన వ్యాసం పేజీలు స్కాన్ చేసి జిల్లాలకు పంపే ఏర్పాటు చేస్తే సరిపోతుంది. ఈ ఏడాది కొనుగోళ్ల జాబితా ఇంకా ఖరారు కాకపోతే వేల్స్ సర్వస్వాన్ని, దానితోపాటు ఇతర చిన్న జాతులు తమ గురించి తాము రాసుకున్న ఇలాంటి పుస్తకాలను పరిశీలించవలసిందిగా రెండు రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
రాజమహేంద్రవరం