ఆ వదిలేసిన నీళ్లు ఎటు పోతాయి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఒంగోలు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పిల్లల ప్రాజెక్టులు చూడటానికి వెళ్లాను. కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు చదివే మా మనవడు, ఇంకో ముగ్గురు కలిసి పల్లెల్లోని వాటర్ ప్లాంట్ల కోసం యాప్ చేశారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే 20 లీటర్ల క్యాను నిండగానే నీళ్లు ఆగిపోతాయి. చుక్క ఒలకలేదు, ముచ్చటేసింది. (స్మార్ట్‌ఫోన్ లేని ముసలమ్మ సంగతేమిటో అడగలేదు.)

"ప్లాంటు వదిలేసే నీళ్లు ఎటు పోతాయిరా?" అన్నాను. నలుగురూ మొహాలు చూసుకున్నారు. "అది మా పార్టు కాదు తాతయ్యా, మాది సాఫ్ట్‌వేరే" అన్నాడు మావాడు.

మాది దర్శి. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. మన దేశంలో, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ జబ్బు 1937లో మొదట బయటపడింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక దర్శి, పొదిలి, కనిగిరి ఇటొచ్చాయి. జిల్లా మారింది కానీ నీళ్లు మారలేదు. పళ్లు గారపట్టి, నవ్వొస్తే నోటికి చేయి అడ్డం పెట్టుకునే పిల్లలు నా క్లాసులో ఉండేవాళ్లు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఈ వాటర్ ప్లాంట్లు ఆర్వోవి, అంటే సన్నటి పొరగుండా నీళ్లను వడకట్టేవి. ఆర్వో ప్లాంటు ఫ్లోరైడ్‌ని మాయం చేయదు, పక్కకు నెడుతుందంతే. సగం నీళ్లు వదిలేస్తే ఆ సగంలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపవుతుంది. మా వీధి ప్లాంటు వెనక గొట్టంలోంచి ఆ నీళ్లు సైడు కాలవలో పడి, చేతిపంపు పక్కన మడుగు కడతాయి. గేదెలు తాగేది అక్కడే.

పిల్లల్ని అనను. చదువులో పర్యావరణం తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. సబ్జెక్టు పెట్టారు కూడా. మావాడి మెమోలో దానికి క్రెడిట్లు సున్నా! ముందురోజు రాత్రి చదివి పాసయ్యాడు. ఓజోన్ పొర గురించి గడగడా చెప్తాడు, ఇంటి బోరు ఎన్ని అడుగులో తెలియదు.

యూనివర్సిటీల వారికి నా మనవి ఒక్కటే. ఆ పాఠాన్ని విడిగా ఓ మూల పెట్టకుండా ప్రాజెక్టులోకే తీసుకురండి. ఇది ఎవరికి అక్కరకొస్తుంది, ఏం వృథా అవుతుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అని వైవాలో (నోటి పరీక్షలో) అడిగి మార్కులు వేయండి. ఎగ్జామినర్ పక్కన ప్లాంటు నడిపే మనిషిని కూడా కూర్చోబెట్టండి. అతను అడిగినట్టు ప్రొఫెసర్లు అడగలేరు.

ఆదివారం మావాడు ఊరికొచ్చి, ప్లాంటు వెనక గొట్టం కింద బకెట్టు పెట్టి, ఫోన్లో టైము చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ లెక్కా యాప్‌లో చూపిస్తాడట. దానికి మార్కులేమీ ఉండవట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు,
దర్శి, ప్రకాశం జిల్లా